వయసుపుల్ల

విస్తళ్లలో వడ్డన పూర్తయినా ఎవరూ చెయ్యి పెట్టలేదు. నీళ్లు ఇంకా రాలేదు.

రెండు వేల డెబ్బై తొమ్మిదో సంవత్సరం, వైశాఖం. అనంతపురంలోని పెళ్లి మండపంలో రెండు వందల మంది పంక్తిలో కూర్చుని గ్లాసుల వైపు చూస్తున్నారు. నీళ్లు పోసేవాళ్లు వరసంతా నింపుకుంటూ వెళ్లాక, జేబుల్లోంచీ కొంగుముళ్లలోంచీ తెల్లటి పుల్లలు బయటికి వచ్చాయి. అగ్గిపుల్లకు రెండింతల పొడవు, కొసన చిన్న నీలం చుక్క. అందరూ వాటిని గ్లాసుల్లో ముంచారు. నాలుగు క్షణాల తర్వాత పుల్లలు ఒకదాని వెనక ఒకటి మాట్లాడాయి. అన్నిటిదీ ఒకే గొంతు, మెల్లగా మాట్లాడే ఆడగొంతు.

"ఏడు వేల రెండు వందల సంవత్సరాలు. ఈ నీరు మళ్లీ రాదు."

మండపం చప్పట్లతో మోగింది. పెళ్లికూతురు మేనమామ పంక్తి మధ్యలో నిలబడి మీసం సవరించుకున్నాడు.

"మా పాప పెండ్లికి ఏడు వేలకు తగ్గితే ఎట్లప్పా? పోయిన నెల మా పక్కింటోళ్లు నాలుగు వేలు పోసినారంట."

"నాలుగు వేలా! నిన్న సాయంత్రం పడిన వానేమో!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

చివరి వరసలో కూర్చున్న ఒకామె గ్లాసు ముట్టకుండా లేచి బయటికి నడిచింది. ఆమె పేరు చౌడేశ్వరి. పుల్లలన్నిటిలో పలికిన గొంతు ఆమెదే. పుల్లను కనిపెట్టింది కూడా ఆమే.

*

ఆ జిల్లా మూడు రకాల నీళ్లతో బతుకుతోంది. వాన పడి, నేలలోకి ఇంకి, రెండు వందల అడుగుల లోపు నిలిచేది పైనీరు. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ కొళాయిల్లోకి పంపేది తిరుగునీరు. వెయ్యి అడుగుల కింద, రాతి పగుళ్లలో, మనుషులు ఇంకా నాగలి పట్టని కాలం నుంచి నిలిచి ఉన్నది లోతునీరు. పైనీరు వానతో నిండుతుంది. లోతునీరు నిండదు. తీసినంత తగ్గిపోతుంది, అంతే.

తాతల కాలంలో వేరుశనగ కోసం, తండ్రుల కాలంలో చీనీ బత్తాయి తోటల కోసం బోర్లు వేశారు. ఒకరి బోరు ఎండితే పక్కవాడు ఇంకో వంద అడుగులు దించాడు. వాడి బోరు చూసి మొదటివాడు ఇంకో రెండు వందలు దించాడు. చెరువులకు నీళ్లు తెచ్చే వంకలను పూడ్చి ఇళ్ల స్థలాలుగా అమ్మారు. ఏడాది మొత్తం మీద పడాల్సిన వాన నాలుగు రోజుల్లో పడిపోతుంటే, దాన్ని ఆపడానికి గట్టు లేదు, నిలపడానికి గుంత లేదు. నీళ్లు కరువైన ప్రతిసారీ అందరూ ఆకాశాన్ని తిట్టారు. ఆకాశం బోర్లు వెయ్యలేదు.

చౌడేశ్వరి నీటి పరిశోధనాలయంలో చేరిన రోజునుంచీ ఒకే సంగతి ఆలోచించింది. గ్లాసులో పోశాక మూడు రకాల నీళ్లూ ఒకేలా ఉంటాయి. తాగుతున్నది పోయిన ఏటి వానో, తొమ్మిది వేల ఏళ్ల నాటి వానో తాగేవాడికి తెలియదు. తెలిస్తే ఆగుతాడు. అంత పాతదాన్ని పళ్లు పుక్కిలించి ఉమ్మడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆ నమ్మకంతోనే ఆమె, తోటి శాస్త్రవేత్త ఇంతియాజ్ ఆరేళ్లు కష్టపడి జలవయోమాపకాన్ని తయారుచేశారు. వాననీరు నేలలోకి ఇంకేటప్పుడు గాలిలోంచీ మట్టిలోంచీ కొంచెం కార్బన్‌ను తీసుకుపోతుంది. అందులో కార్బన్-14 అనే రకం అణువులు కొన్ని ఉంటాయి. నేల కిందికి చేరాక కొత్తవి వచ్చి కలవవు. ఉన్నవి తరుగుతూ పోతాయి, అయిదు వేల ఏడు వందల చిల్లర ఏళ్లకు సగం అవుతాయి. యాభై ఏళ్ల లోపు నీటికైతే ట్రిటియం అనే మరో గడియారం ఉంది. ఈ లెక్కలకు పూర్వం పెద్ద గదినిండా యంత్రాలు, వారాల కాలం కావలసివచ్చేది. ఇంతియాజ్ పుల్ల కొసలో ఒక లేజర్ వల పన్నాడు. దానికి 'అణువల' అని పేరు పెట్టారు. కావలసిన అణువులు ఒక్కొక్కటిగా అందులో చిక్కుతాయి, లెక్కపడతాయి. నాలుగు క్షణాలు చాలు.

చదువురానివాళ్లకూ తెలియాలని పుల్లకు మాట పెట్టారు. గొంతు చౌడేశ్వరిది. లోతునీటికి ఒక వాక్యం: "ఈ నీరు మళ్లీ రాదు." పైనీటికి మరో వాక్యం: "ఈ నీరు వాన తెచ్చింది, వాన మళ్లీ తెస్తుంది." రెండో వాక్యం రికార్డు చేసేటప్పుడు ఆమె గొంతులో చిన్న సంతోషం కూడా పలికింది. ఇంతియాజ్ దాన్ని తీసేయకుండా ఉంచాడు.

రాష్ట్ర నీటి మండలి ఇంటింటికీ పుల్లలు పంచింది. జనం దానికి వయసుపుల్ల అని పేరు పెట్టుకున్నారు. మొదటి ఆరు నెలలు పుల్ల అనుకున్న పనే చేసింది. పుల్ల మాట విని ముసలివాళ్లు చెంబు కింద పెట్టేశారు. నలభై ఊళ్లలో లోతుబోర్లు మూతపడ్డాయి.

ఆ తర్వాత ఒక పెద్ద హోటలు వాళ్లు గుమ్మంలో బోర్డు పెట్టారు: 'మా నీటి వయసు ఆరు వేలు.' అక్కడినుంచి పెళ్లిళ్లకు పాకింది, పెళ్లిళ్లనుంచి ఇళ్లకు. ఆ సీమలో ఎవరు గడప తొక్కినా, ఎందుకొచ్చావని అడిగేముందు చెంబుతో నీళ్లిస్తారు. ఇంట్లో గింజ లేనివాళ్లు కూడా ఇస్తారు. ఇప్పుడు ఆ చెంబులో వచ్చినవాడు పుల్ల ముంచుతున్నాడు. ముంచకపోయినా, ముంచుతాడేమోనని ఇంటివాళ్లకు భయం. పైనీటికి పిల్లనీళ్లు అని పేరు పడింది. పిల్లనీళ్లిస్తే ఇంటికొచ్చినవాణ్ని అవమానించినట్టే. మూతపడిన నలభై బోర్లూ మళ్లీ తెరుచుకున్నాయి. వాటి పక్కన మరో మూడు వందలు పడ్డాయి.

పెళ్లినుంచి వచ్చిన మర్నాడు చౌడేశ్వరి పరిశోధనాలయంలో బల్లమీద పుల్లల కట్టను విసిరికొట్టింది.

"వీళ్లకు సిగ్గు లేదు ఇంతియాజ్. మళ్లీ రాదు అని చెప్తుంటే చప్పట్లు కొడుతున్నారు! నా గొంతుతో చెప్తుంటే!"

ఇంతియాజ్ కిందపడిన పుల్లలు ఏరుతూ అన్నాడు. "ఒక పని చేద్దాం చౌడక్కా. పుల్లతో అబద్ధం చెప్పిద్దాం. అన్ని నీళ్లకూ మూడేళ్లే అని చెప్పమందాం. వారంలో ఈ పిచ్చి దిగిపోతుంది."

"పుల్ల ఒక్కసారి అబద్ధం చెప్తే ఇంకెప్పుడూ ఎవరూ నమ్మరు."

"ఇప్పుడు నమ్ముతున్నారుగా. నమ్మి ఏం చేస్తున్నారు?"

 అప్పుడే చౌడేశ్వరి ముందున్న తెరమీద మండలినుంచి ఒక దరఖాస్తు వచ్చి పడింది. కానుగమానుపల్లి గ్రామం లోతుబోరుకు అనుమతి కోరుతోంది.

చౌడేశ్వరి ఆ పేరును రెండుసార్లు చదివింది. జిల్లా మొత్తంలో పూర్తిగా పైనీటితో బతుకుతున్న ఊరు అదొక్కటే. పుల్ల మొదటి పరీక్ష చేసింది అక్కడి బావిలోనే. రెండేళ్ల ఏడు నెలలు అని చూపించింది. మారెక్క అనే ఆవిడ పద్నాలుగేళ్లు వెంటపడి, ఊరి ఆడవాళ్లతో గుట్ట వాలంతా కందకాలు తవ్వించింది, వంకకు అడ్డంగా ఏడు కట్టలు వేయించింది, ఏటా పూడిక తీయించింది. దాంతో ఎండిన బావిలో నీళ్లు పైకొచ్చాయి. ఆ బావి కింద నూట ఎనభై అడుగుల దగ్గర గట్టి రాతిపొర ఉంది. పైనీటిని పట్టి ఉంచేది ఆ పొరే. అక్కడ లోతుబోరు వేస్తే ఆ పొరకు చిల్లు పడుతుంది. పద్నాలుగేళ్ల నీళ్లు ఆ చిల్లులోంచి కిందికి జారిపోతాయి.

ఆమె వెంటనే సర్పంచి తిప్పన్నకు ఫోను చేసింది.

"తిప్పన్నా, ఏమైంది మీకు? బోరెందుకు?"

"ఏం చెయ్యమంటావు మా?" తిప్పన్న గొంతులో ఏడుపు, కోపం కలిసి ఉన్నాయి. "యాడికి పోయినా పిల్లనీళ్లోళ్లు వచ్చినారు అంటాండారు. మొన్న మా తమ్ముని కొడుకు పెండ్లిలో పెండ్లికూతురు పక్కోళ్లు పుల్ల ముంచి, మూతులు తిప్పుకొని, ఆకుల ముందర్నుంచి లేసిపోయినారు. అన్నంలో మన్ను పడినట్ల అయిపాయ."

"నేను వస్తున్నా. శనివారం. గ్రామసభ పెట్టు, నేను మాట్లాడతా. అంతదాకా ఏమీ చెయ్యొద్దు."

ఆమే వస్తుందనగానే తిప్పన్న గొంతు మారిపోయింది. "నువ్వు... మీరే వస్తాండారా? మా ఊరికి? రాండి మా, రాండి! మిమ్మల్ని అగౌరవంగా పంపిస్తామా? మీరు వచ్చేలోపల మేము చెయ్యాల్సిందంతా చేసిపెడతాం."

ఆమె మనసు కుదుటపడింది. ఫోను పెట్టేసింది.

*

శనివారం మధ్యాహ్నం చౌడేశ్వరి, ఇంతియాజ్ ఎక్కిన కారు కానుగమానుపల్లి చేరేసరికి ఎండ మండిపోతోంది. దారి పొడవునా చుట్టుపక్కల ఊళ్ల పొలాలు బూడిదరంగులో ఉన్నాయి. ఈ ఊరి పొలిమేర దాటగానే గుట్ట వాలుమీద కందకాలు వరసలు వరసలుగా కనిపించాయి. వాటి గట్లమీద కానుగచెట్లు చిగురించి ఉన్నాయి. వంక కట్టల పక్కన ఈ ఏడు తీసిన పూడిక నల్లగా కుప్పలు పోసి ఉంది. చౌడేశ్వరి కారు ఆపించి చాలాసేపు చూసింది. ఈ నీటి వయసుల పిచ్చి మొదలైన తర్వాత ఆమె నవ్వడం ఇంతియాజ్ చూసింది ఇదే మొదటిసారి.

పంచాయతీ కొట్టం కింద ఊరంతా చేరింది. తిప్పన్న ఎదురొచ్చి, ఆమె భుజాలమీద శాలువా కప్పాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"నేను పెద్ద మాటలు చెప్పను. మీ బాయిలో నీళ్లు మీరు సంపాదించుకున్నవి. తక్కిన ఊర్లన్నీ దొంగనీళ్లు తాగుతాండాయి. మీ మనవళ్లవి, ముని మనవళ్లవి ఇప్పుడే తాగేసి మీసాలు తిప్పుతాండారు. వాళ్లు మిమ్మల్ని ఎగతాళి చేస్తే మీరు తల దించుకుంటారా? ఎవురికి రావల్ల సిగ్గు? పదేళ్లలో ఆ బోర్లు ఎండుతాయి. అప్పుడు చెంబు పట్టుకొని మీ వాకిలికే వస్తారు. బోరు వేసినారంటే మారెక్క పద్నాలుగేండ్ల పని ఒక్క దినంలో నాశనమైపోతాది. వేస్తారా? వేస్తామన్నోళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"వెయ్యం అన్నోళ్లు?"

కొట్టం కింద చేతులన్నీ లేచాయి. తిప్పన్న రెండు చేతులూ ఎత్తాడు. ఒక ముసలాయన తన చేతికర్ర ఎత్తాడు. చౌడేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లుగా తాను మనుషుల గురించి అనుకున్నవన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

మారెక్క జనంలోంచి వచ్చింది. ఎండకు కమిలిన సన్నటి మనిషి, అరవై దాటాయి. చేతిలో తళతళమనే ఇత్తడి చెంబు.

"ముందు నీళ్లు తాగు మా. ఎండన పడి వచ్చినావు."

చౌడేశ్వరి చెంబు అందుకుని, తన సంచిలోంచి పుల్ల తీసింది. రెండేళ్ల ఏడు నెలలు అన్న మాట ఈ జనం మధ్య, ఈ చప్పుడులో, గర్వంగా వినిపించాలనుకుంది. అందరికీ కనిపించేలా ముంచి, పైకెత్తి పట్టుకుంది.

"తొమ్మిది వేల నూట నలభై సంవత్సరాలు," అంది ఆమె గొంతు. "ఈ నీరు మళ్లీ రాదు."

కొట్టం చప్పట్లతో దద్దరిల్లింది. ఈలలు వేశారు. తిప్పన్న మొహం వెలిగిపోతోంది.

"తొమ్మిది వేల నూట నలభై!" అన్నాడు అతను ఇంతియాజ్ భుజం తట్టి. "జిల్లాలో ఎవురికీ పడలేదు సార్ ఇంత!"

చౌడేశ్వరి ఎత్తిన పుల్లను దించింది. "ఇవి యాడివి?"

"నిన్న వేసినాం మా. మీరు వస్తాండారని. పద్నాలుగు వందల అడుగులు. పర్మిషన్ రాలేదు గానీ, మీ పేరు చెప్తే రిగ్గు వాడు పరిగెత్తుకొని వచ్చినాడు. ఒక్కటే వేసినాం, మీ కోసరం."

"నా కోసరం?"

"పుల్ల కనిపెట్టిన ఆయమ్మ వస్తే పిల్లనీళ్లిస్తామా?" అన్నాడు చేతికర్ర ముసలాయన. "ఊరి మానం పోదా తల్లీ?"

"ఇప్పుడేగదా చేతులెత్తినారు! బోరు వెయ్యం అని!"

"ఎత్తినాం మా," అన్నాడు తిప్పన్న, అర్థంకానట్టు. "ఇంక మీద వెయ్యం అని ఎత్తినాం. వేస్తే ఒట్టు."

చెంబు ఆమె చేతిలోనే ఉంది. నేలమీద పారబోద్దామని చెయ్యి లేచింది, ఆగిపోయింది. వెనక్కి పోస్తే పోయేచోటు లేదు. తొమ్మిది వేల ఏళ్ల నాటి వాన, తన పేరు చెప్పి పైకి లాగినది. ఆమె తాగింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఆ తీపికి ఆమె ఒళ్లు మండిపోయింది.

"మీరేం తాగుతాండారు?" అని మారెక్కను అడిగింది.

"మాదేముంది మా, ఇంట్లోవాళ్లం. బాయి నీళ్లే." మారెక్క గొంతు తగ్గించింది. "పొద్దున్నించి రెండు అడుగులు దిగింది బాయి. ఎండలకేమో."

చౌడేశ్వరి, ఇంతియాజ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బోరు బావికి పాతిక గజాల దూరంలో ఉంది. మోటారు ఇంకా దించలేదు. పొడవాటి సన్నటి గొట్టంబకెట్టును తాడుతో దించి, కొంచెం కొంచెం చేదుతున్నారు.

"పైనీరు బోరులోకి కారకుండా ఇనుపగొట్టం ఎంత లోతు దించినారు?" అడిగాడు ఇంతియాజ్.

"ఇరవై అడుగులు సార్. మెత్తమన్ను ఉండేంతవరకు. కింద రాయేగదా."

చౌడేశ్వరి మోకాళ్లమీద కూర్చుని బోరు నోటికి చెవి పెట్టింది. లోపల ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. సన్నగా, ఆగకుండా, చీకట్లోకి.

"ఇనపడతాండాదా మా?" తిప్పన్న వంగి, సంబరంగా అన్నాడు. "రాత్రి నించి ఇట్లే. ఊరంతా వచ్చి ఇని పోయినారు. ఎన్ని నీళ్లు ఉండాయో చూడు లోపల!"

"అవి లోపల ఉన్నవి కాదు," అంది ఆమె.  "అవి మీ బాయి నీళ్లు. మీ రాతిపొరకు చిల్లు పెట్టినారు. పైనుంచి కిందికి పడిపోతాండాయి. పద్నాలుగేండ్లూ పడిపోతాండాయి. వారం తర్వాత చప్పుడు ఆగిపోతాది. అప్పుడు మీ బాయిలో పాచి మిగుల్తాది."

జనం నవ్వులు ఆగాయి. మారెక్క ఆమె చేతిలోని పుల్ల అడిగి తీసుకుని, నేరుగా బావి మెట్లు దిగింది. కాసేపటికి లోపల్నుంచి చౌడేశ్వరి గొంతు వినిపించింది, చిన్న సంతోషంతో: "రెండేళ్ల ఏడు నెలలు. ఈ నీరు వాన తెచ్చింది, వాన మళ్లీ తెస్తుంది."

మారెక్క పైకొచ్చింది. మోకాళ్లదాకా చీర తడిసి ఉంది. "ఇంకా ఉండాయి మావి," అంది. "ఎట్ల మూయల్ల దీన్ని?"

"బంకమన్నుతో. కిందినుంచి పైదాకా నింపేయాలి," అన్నాడు ఇంతియాజ్. మనసులో లెక్క వేశాడు. "మూడు ట్రాక్టర్ల మన్ను. మీ పూడిక చాలు. ఇప్పుడే మొదలుపెడితే చీకటిపడేలోపు అయిపోతుంది."

అందరూ తిప్పన్న వైపు చూశారు. తిప్పన్న తల గోక్కున్నాడు.

"మూస్తాం సార్. మూయం అంటామా? రేపు పొద్దున్నే మూస్తాం. ఈ సాయంత్రం కలెక్టరమ్మ వస్తాంది, మేడం గారి సన్మానానికి. తొమ్మిది వేలని చెప్పి పిలిచినాం. ఇప్పుడు పిల్లనీళ్లు చేతికిస్తే ఏమంటాది? ఒక్క పూట. ఒక్క పూటకు ఏమైతాది మా?"

"మీ బాయి మా కళ్లముందర చస్తాంది తిప్పన్నా!"

"మీరు నీళ్లు తాగినారు గదా మా," అన్నాడు అతను. నిష్ఠూరం లేకుండా, నిజంగా నొచ్చుకుని. "కలెక్టరమ్మకు మాత్రం వద్దంటారా?"

చౌడేశ్వరి చేతిలోని ఖాళీ చెంబును కింద పెట్టింది.

మారెక్క అప్పటికే వంక కట్ట దగ్గరికి వెళ్లింది. పూడిక కుప్పలోంచి గంప నింపి, నెత్తిన పెట్టుకుని వచ్చి, బోరు నోట్లో పోసింది. మన్ను కిందికి వెళ్లిన చప్పుడు కూడా రాలేదు. మళ్లీ వెళ్లింది. చౌడేశ్వరి శాలువా తీసి నేలమీద పరిచి, దాన్లో మన్ను ఎత్తడం మొదలుపెట్టింది. ఇంతియాజ్ చొక్కా చేతులు మడిచాడు. మిగతా ఊరు నిలబడి చూసింది. ట్రాక్టరు తాళం తిప్పన్న జేబులో ఉంది.

ముగ్గురూ ముప్పై గంపలదాకా పోశారు. నలభై అయి ఉండొచ్చు. చేతులు బొబ్బలెక్కాయి. బోరులో చప్పుడు అలాగే ఉంది.

పొద్దు గుట్టమీదికి వాలుతుండగా పొలిమేర దగ్గర దుమ్ము లేచింది. రెండు కార్లు. జనంలో కదలిక పుట్టింది. ఎవరో పరుగెత్తారు. ఇత్తడి చెంబును చింతపండుతో మళ్లీ తోమారు. తిప్పన్న గొట్టంబకెట్టు తాడు చేతికి చుట్టుకుని బోరు దగ్గరికొచ్చాడు. మారెక్క నెత్తిమీద గంపతో, బోరు నోటికి అడ్డంగా నిలబడి ఉంది.

"జరుగక్కా," అన్నాడు తిప్పన్న, బతిమాలుతూ. "ఒక్క చెంబే."